విన్నపానికి రెండు వైపులు: సింగపూర్ వాణిజ్య మండలుల చరిత్ర మన యువతకు చెప్పే మాట

(దేవస్థాన సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవ శుభవేళ ఆలయ సభలో వ్యాపారం, పన్నులు, ప్రభుత్వ విధానాలు అంటూ మాట్లాడడమేమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సందేహానికి సమాధానం సెరంగూన్ రోడ్డులోనే ఉన్నది. శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయానికి మీరంతా వెళ్ళినవారే. ఆ ఆలయ కళ్యాణ మండపం గోవిందస్వామి పిళ్ళై గారి పేరు మీద ఉన్నది. మనలో ఎందరి పెళ్ళిళ్ళో అక్కడే జరిగాయి. ఆయన తమిళుడు, ఆ వీధిలోనే బట్టల దుకాణం నడిపి పైకి వచ్చిన వర్తకుడు. మండపానికి విరాళమిచ్చిన ఆ చేతులే ఇక్కడి భారతీయ వాణిజ్య మండలి స్థాపనలోనూ పాలు పంచుకున్నాయి. ఆ తరం వారికి గుడి కట్టడం, వర్తక సంఘం కట్టడం వేరు వేరు పనులుగా తోచలేదు. పరాయి నేలపై నలుగురూ ఒకచోట చేరడానికి ఒకటి, నలుగురి మాట ఒక గొంతుతో పలకడానికి మరొకటి కావలసి వచ్చాయి.

గుడి సంగతి మీకు తెలుసు. ఆ రెండవ దాని గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పదలచాను. వర్తకులు ప్రభుత్వాన్ని ఏమని అడిగారు, ఎలా అడిగారు, ఆ అడగడంలో ఎక్కడ ధర్మం ఉన్నది, ఎక్కడ లోపం ఉన్నది అన్నదే నా విషయం.

మోటుపల్లి స్తంభం

ముందుగా మన నేల నుంచి ఒక ఉదాహరణ. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు పేరుమోసిన రేవు. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉన్నది. తుఫానుకు కొట్టుకు వచ్చిన ఓడలలోని సరుకునంతటినీ పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించాడు. నిర్ణీతమైన సుంకం తప్ప వర్తకుల సొత్తును ముట్టబోమని అభయమిచ్చాడు. ఎగుమతులకూ దిగుమతులకూ ఆ సుంకం ముప్పై పాళ్ళలో ఒక పాలు.

మన భాషలో దీనిని ఆర్థిక విధానం అంటాము. అది చెక్కబడింది ఆలయ స్తంభం మీద. శాసనం రాజు పేరుతోనే ఉన్నా, సముద్రంలో సర్వస్వం పోగొట్టుకున్న వర్తకుడి బాధను ఎవరో ఒకరు రాజు చెవిన వేసి ఉంటారని ఊహించడంలో తప్పు లేదు. ఆ అభయంలో రాజుకూ లాభమున్నది, వర్తకుడికీ లాభమున్నది. ఒక్క ఓడను దోచుకుంటే వచ్చే సొమ్ము ఒకసారితో సరి. నమ్మకంతో వచ్చే వంద ఓడల సుంకం ఏటేటా వస్తుంది. మంచి విన్నపం లక్షణం ఇదే. అడిగినవాడికి మేలు చేస్తూనే, ఇచ్చినవాడికీ, పక్కనున్నవాడికీ మేలు చేస్తుంది.

రూపాయి మీద తిరుగుబాటు

ఇక సింగపూర్‌కు వద్దాము. 1819 నుంచి ఇది సుంకాలు లేని స్వేచ్ఛా రేవు. ఇక్కడి తొలి వాణిజ్య మండలిని వర్తకులు 1837లో స్థాపించుకున్నారు. ఆనాడు సింగపూర్ పాలన కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చేతిలో ఉండేది. ఇక్కడి వ్యాపారమంతా వెండి డాలర్లలో నడుస్తుంటే, భారతీయ నాణేలనే ఇక్కడ చలామణి చేయాలని కలకత్తా తలపెట్టింది. రేవుకు వచ్చే ఓడల మీద రుసుము వేయాలన్న ఆలోచన కూడా పదే పదే ముందుకు వచ్చింది.

శ్రీనివాస పెరుమాళ్ ఆలయం మొదలైన 1855 సంవత్సరంలోనే నాణేల చట్టం మీద ఇక్కడి వర్తకులు సభ పెట్టి నిరసించారు. 1857లో, తమను భారత ప్రభుత్వం నుంచి విడదీసి నేరుగా లండన్ పాలన కిందికి తీసుకోవాలని బ్రిటిష్ పార్లమెంటుకు విన్నపం పంపారు. పది సంవత్సరాలు పట్టింది. 1867 ఏప్రిల్ 1న సింగపూర్, పెనాంగ్, మలక్కా కలిసిన స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ ప్రత్యేక వలస రాజ్యంగా ఏర్పడ్డాయి.

నాణెం గురించిన ఒక ఫిర్యాదు చివరకు ఒక రాజ్యపు సరిహద్దునే మార్చింది. వర్తకులు తమ లాభం కోసమే అడిగారన్నది నిజమే. అయితే స్వేచ్ఛా రేవు నిలవడం వల్ల కూలికీ, పడవ నడిపేవాడికీ, దుకాణదారుకూ కూడా బ్రతుకుతెరువు నిలిచింది. ఓపిక, లిఖితపూర్వకమైన వాదన, అందరికీ వర్తించే కారణం అనే మూడూ ఆ విన్నపంలో కలిసి ఉన్నాయి.

ఆసనం వచ్చింది, ఆసనం పోయింది

భారతీయ వర్తకులు తమకంటూ ఒక సంఘాన్ని 1924లో ఏర్పరచుకున్నారు. దాని పేరు ఇండియన్ మర్చంట్స్ అసోసియేషన్. 1930లలో అది ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అయింది. ఇప్పటి సింగపూర్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ అదే. 2024లో అది నూరేళ్ళు పూర్తి చేసుకున్నది. స్థాపకులలో ముఖ్యులు రజబలీ జుమాభాయ్. గుజరాత్‌లోని కచ్ ప్రాంతం నుంచి 1916లో ఇక్కడికి వచ్చిన ఆయన నిండు నూరేళ్ళు జీవించారు. గుజరాతీలు, సింధీలు, తమిళులు, పంజాబీలు, ఇంకా ఎందరో ఒకే పేరు కింద చేరడం ఆనాటికి చిన్న విషయం కాదు.

1948లో సింగపూర్‌లో తొలిసారి ఎన్నికలు జరిగాయి. శాసన మండలిలో ప్రజలు ఎన్నుకునే స్థానాలు ఆరు. వాణిజ్య మండళ్ళు ఎన్నుకునే స్థానాలు మూడు. ఐరోపా వర్తకుల మండలికి ఒకటి, చైనీయుల మండలికి ఒకటి, భారతీయుల మండలికి ఒకటి. మన మండలి తరఫున రజబలీ జుమాభాయ్ గారే సభలో కూర్చున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. ఊరంతటికీ ఆరు స్థానాలు, వర్తకులకు మూడు. ఆనాడు మన పెద్దలు ఎంతో గర్వించి ఉంటారు. కానీ అది న్యాయమేనా? రేవులో మూటలు మోసేవాడికి లేని ఆసనం బట్టల కొట్టు యజమానికి ఎందుకు ఉండాలి? 1953లో నియమితమైన రెండెల్ కమిషన్ ఆ ప్రత్యేక స్థానాలను తొలగించవలసిందిగా సిఫారసు చేసింది. 1955 ఎన్నికల నాటికి 32 మంది సభ్యుల సభలో 25 మందిని ప్రజలే ఎన్నుకున్నారు. వాణిజ్య మండళ్ళ ఆసనాలు పోయాయి.

ఆసనం పోయినా మండలి పోలేదు. ఇకపై దాని మాటకు విలువ కుర్చీ వల్ల రాదు, కారణం వల్లనే రావాలి. మండలి చరిత్రలో నాకు అన్నిటికంటె పెద్ద మలుపుగా కనిపించేది ఇదే. అధికారంతో చెప్పే మాటకు ఎదురు ఉండదు కనుక తప్పు దొర్లినా తెలియదు. ఎదుటివాడిని ఒప్పించి సాధించవలసిన మాటను పదిసార్లు తూచుకుని చెప్పవలసి ఉంటుంది.

అదే కాలంలో చైనీయుల వాణిజ్య మండలి చేసిన పని కూడా చెప్పుకోవాలి. ఇక్కడే దశాబ్దాలు బ్రతికి, ఇక్కడే పన్నులు కట్టి, ఓటు హక్కు లేకుండా ఉన్న వలసవారికి పౌరసత్వం ఇవ్వాలని ఆ మండలి అధ్యక్షుడు కో టెక్ కిన్ నాయకత్వంలో ఏళ్ళ తరబడి ఉద్యమించింది. 1957 పౌరసత్వ చట్టం చైనాలో పుట్టిన రెండు లక్షల మందికి పైగా దారి తెరిచింది. వర్తకులు సుంకం గురించి కాక, తమ దుకాణంలో మెట్లు తుడిచేవాడి ఓటు గురించి అడిగిన సందర్భమది. అందుకే ఆ మాటకు అంత బలం వచ్చింది.

ఖరీదు ఎవరు చెల్లించారు?

అన్ని విన్నపాలూ అంత నిర్మలంగా ఉండవు. 1985లో సింగపూర్ స్వాతంత్ర్యానంతరం తొలిసారి తీవ్రమైన ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొన్నది. కారణాలు వెతకడానికి ప్రభుత్వం ఒక ఆర్థిక సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు అప్పటి యువ మంత్రి లీ సియన్ లూంగ్. ఖర్చులు భరించలేకున్నామన్నది వ్యాపార వర్గాల మొర. 1986లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. యజమానులు ఉద్యోగుల సీపీఎఫ్ ఖాతాలో జమ చేసే వాటా జీతంలో 25 శాతం నుంచి 10 శాతానికి తగ్గింది. కంపెనీల ఆదాయపు పన్ను 40 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది.

దేశం త్వరగానే కోలుకున్నది. కొలువులు నిలిచాయి. కనుక ఆ నిర్ణయం తప్పని నేననను. అయితే యజమాని మీద తగ్గిన ఆ 15 శాతం గాలిలో నుంచి రాలేదు. అది ఉద్యోగి వృద్ధాప్యపు సొమ్ము, ఇంటి వాయిదా సొమ్ము. యజమాని వాటా తరువాత క్రమంగా పెరిగినా మళ్ళీ 25కు చేరలేదు. ఈనాడు 55 ఏళ్ళలోపు వారికి అది 17 శాతం. కూడికలూ తీసివేతలూ చేసేటప్పుడు ఈ వరుసను కూడా రాసుకోవాలి.

నేను మీకు చెప్పదలచిన ఒకే ఒక్క మాట ఇది. విన్నపానికి రెండు వైపులు ఉంటాయి. మనకు కలిగే మేలు ఎంతో రాయడం మొదటి వైపు. దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారో రాయడం రెండవ వైపు. మొదటిది మాత్రమే రాస్తే అది మొర అవుతుంది. రెండూ రాస్తేనే అది విధానం కాగలుగుతుంది.

మన తెలుగు నేల నుంచి

ఈ రెండవ వైపును మరచిపోతే ఏమవుతుందో మన తెలుగు నేల కూడా చూసింది.

మంచితో మొదలుపెడతాను. 1994 సెప్టెంబరులో మన తెలుగువాడు, అప్పటి భారత ప్రధాని పి.వి. నరసింహారావు గారు సింగపూర్‌కు వచ్చి ఇక్కడి ప్రఖ్యాత సింగపూర్ లెక్చర్ ఇచ్చారు. భారతదేశం తూర్పు వైపు చూడాలన్న విధానాన్ని ఆయన ఈ వేదిక మీద నుంచి లోకానికి వినిపించారు. ఆ తలుపు తెరుచుకున్నాకనే 2005లో రెండు దేశాల మధ్య సమగ్ర ఆర్థిక సహకార ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. ఈ సభలో ఉన్న కుటుంబాలలో ఆ తలుపు గుండా వచ్చినవారు ఎందరో మీకే తెలుసు. ఆ ఒప్పందం ఇక్కడి వారి కొలువులకు పోటీ తెచ్చిందన్న అసంతృప్తి ఈ దేశంలో ఉన్నదన్న సంగతీ మీకు తెలుసు. ఆ మాట విన్నప్పుడు మనకు నొప్పి కలుగుతుంది. నొప్పి కలిగినంత మాత్రాన వినకుండా ఉండరాదు. అది రెండవ వైపు మాట్లాడే గొంతు.

తరువాతది అమరావతి. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నూతన రాజధాని ప్రణాళిక కోసం సింగపూర్‌తో చేతులు కలిపింది. ప్రణాళికను ఇక్కడి సంస్థలే రూపొందించాయి. 1,691 ఎకరాల తొలి దశ ప్రాంతాన్ని అభివృద్ధి చేసే బాధ్యతను అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ కూటమికి అప్పగించారు. 2019లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది నవంబరులో ఆ ఒప్పందం ముగిసిపోయింది. సింగపూర్ కంపెనీలు తమ లెక్కలు తేల్చుకుని వెనుదిరిగాయి. రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చిన కృష్ణా తీరపు రైతులు ఎక్కడికి వెనుదిరుగుతారు? పొలం పొలంగా లేదు, నగరం నగరంగా కాలేదు. ఏ పక్షం ఒప్పు, ఏ పక్షం తప్పు అన్న చర్చకు ఇది వేదిక కాదు. పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు చేసే రోజున, బల్ల దగ్గర లేనివాడు ఏమి పణంగా పెడుతున్నాడో కూడా కాగితం మీద ఉండాలన్నదే నా మనవి.

నా దుకాణం సంగతి

ఇంతవరకు ఇతరుల సంగతులు చెప్పాను. ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

లిటిల్ ఇండియాలో చాలా ఏళ్ళు నేనొక చిన్న టిఫిన్ దుకాణం నడిపాను. పెసరట్టు, ఉప్మా, పూరీ, ఆదివారాలు పులిహోర. ఒక ఏడాది అద్దె ఒక్కసారిగా పెరిగింది. ఆ రోజులలోనే ఒక వర్తక సంఘం నుంచి రెండు పుటల ప్రశ్నాపత్రం వచ్చింది. మీ అద్దె ఎంత, మూడేళ్ళలో ఎంత పెరిగింది, ఎందరు పనివారు, ఖాళీలు ఎన్ని అని అడిగారు. బడ్జెట్‌కు ముందు ప్రభుత్వానికి నివేదిక ఇవ్వడానికని రాసి ఉన్నది. ఈ కాగితాలతో ఏమవుతుందిలే అనుకున్నాను. దాని వెనుక వైపు తెల్లగా ఉంటే కేటరింగ్ ఆర్డర్లు రాసుకున్నాను.

కొన్ని నెలల తరువాత దుకాణదారుల సమావేశం ఒకటి జరిగింది. అధికారి ఒకరు వచ్చారు. మేమంతా గొంతెత్తి అద్దెల గురించి వాపోయాము. ఆయన శాంతంగా విని ఒకే ప్రశ్న వేశారు: ఇటువంటి దుకాణాలు ఎన్ని, సగటున ఎంత పెరిగింది? ఎవరి దగ్గరా అంకె లేదు. నా అంకె నా కౌంటరు కింద, నలభై ఇడ్లీలు, పది వడలు అన్న ఆర్డరు వెనుక పడి ఉన్నది. ఆ రోజు నేను తల దించుకున్నాను.

వాణిజ్య మండలి చేసే పనిలో ఉపన్యాసాలు తక్కువ, అంకెలు ఎక్కువ. సభ్యుల దగ్గర నుంచి వివరాలు సేకరిస్తుంది. ఫిబ్రవరిలో వచ్చే బడ్జెట్‌కు ముందే సూచనలు అందజేస్తుంది. ప్రభుత్వం చట్టం మార్చదలచినప్పుడు అభిప్రాయం చెబుతుంది. చిన్న వ్యాపారులకు సహాయ పథకాల గురించి సలహాలిచ్చే ఎస్‌ఎంఈ సెంటర్‌ను నడుపుతుంది. 1990లో మొదలైన నామినేటెడ్ పార్లమెంటు సభ్యుల పద్ధతి ద్వారా వ్యాపార రంగం వారు కూడా సభకు వెళుతున్నారు. అప్పటి మన చాంబర్ అధ్యక్షులు నీల్ పారేఖ్ గారు 2023లో అలా నియమితులయ్యారు. 1948 నాటి ఆసనానికీ దీనికీ తేడా గమనించండి. నామినేటెడ్ సభ్యుడు సభలో మాట్లాడగలడు, ప్రశ్నించగలడు. బడ్జెట్ మీద గానీ రాజ్యాంగ సవరణ మీద గానీ ఓటు వేయలేడు. మాటకు చోటున్నది, పెత్తనానికి చోటు లేదు.

2002లో చట్టం ద్వారా ఏర్పడిన సింగపూర్ బిజినెస్ ఫెడరేషన్‌లో ఐదు లక్షల డాలర్లు, అంతకు మించిన మూలధనం గల కంపెనీలు వాటంతటవే సభ్యులవుతాయి. నా టిఫిన్ దుకాణం వంటివాటికి ఆ దారి లేదు. వాటికి చాంబర్లు, దుకాణదారుల సంఘాలే గొంతు. ఆ గొంతుకు అంకెలు ఇవ్వవలసింది మనమే. ఇవ్వకపోతే మన తరఫున ఇంకెవరో, వారి లెక్క ప్రకారం మాట్లాడతారు.

వంటవాడి జీతం

చివరి ఉదాహరణ ఇటీవలిది. మీరు తినే దోసెకు సంబంధించినది.

సింగపూర్‌లో సేవారంగంలో వర్క్ పర్మిట్ మీద పనివారిని కొన్ని దేశాల నుంచే తెచ్చుకోవచ్చు. భారతదేశం ఆ జాబితాలో లేదు. నిర్మాణ రంగానికి మన దేశం నుంచి కూలీలు రావచ్చు గానీ, హోటలుకు వంటవాడు రావాలంటే 2023 వరకు ఎస్ పాస్ కావలసి ఉండేది. దానికి కనీస జీతం ఎక్కువ, కోటా తక్కువ. తందూరు దగ్గర నిలబడేవాడు, పెనం మీద అట్టు తిప్పేవాడు దొరకక ఎన్నో భారతీయ హోటళ్ళు ఇబ్బంది పడ్డాయి. ఈ మాట ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా, 2023 సెప్టెంబరు 1 నుంచి భారతీయ రెస్టారెంట్లు భారతదేశం నుంచి వంటవారిని వర్క్ పర్మిట్ మీద తెచ్చుకోవడానికి అనుమతి లభించింది. షరతులు ఉన్నాయి. నెలకు కనీసం 2,000 డాలర్ల స్థిర జీతం ఇవ్వాలి. అటువంటివారి సంఖ్య మొత్తం సిబ్బందిలో 8 శాతం దాటరాదు.

ఆ అనుమతి వచ్చిన వారం మా ఇంట భోజనాల దగ్గర నేను సంతోషంగా ఈ సంగతి చెబుతున్నాను. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివిన మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఆ రెండు వేలు ఎవరు అడిగారు? మీ హోటళ్ళవాళ్ళా, ప్రభుత్వమా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మేము స్నేహితులం కూర్చుని మాట్లాడుకున్న ఏ సాయంత్రమూ వంటవాడి జీతం ఎంత ఉండాలన్న మాట రాలేదు. మనిషి కావాలన్న మాటే వచ్చింది. అతను ఎక్కడ పడుకుంటాడు, ఏజెంటుకు ఎంత అప్పుపడి వచ్చాడు, నా దుకాణంలో పన్నెండేళ్ళు పాత్రలు కడిగిన ఇక్కడి పెద్దావిడ గంటలు తగ్గుతాయా అన్నవి మా కాగితం మీద లేవు. జీతానికి ఒక నేల, సంఖ్యకు ఒక కప్పు పెట్టి రెండవ వైపును నింపినది ప్రభుత్వం. నిజానికి అది మేమే రాయవలసినది.

నా బిడ్డ ఆ ప్రశ్న వేసినందుకు నాకు మొదట కొంచెం కోపం వచ్చింది. తరువాత గర్వం కలిగింది. ఈ నేల మీద మీరు నేర్చుకున్న గుణం అది. మాతో పాటు మీరూ ఆ గదిలో కూర్చుని ఉంటే మా విన్నపం ఇంకా మంచి విన్నపమై ఉండేది.

తరువాత జరిగినదీ చూడండి. 2025 సెప్టెంబరు నుంచి ఆ అవకాశాన్ని భారతీయ హోటళ్ళకు మాత్రమే కాక ఇతర వంటశాలలకూ విస్తరించారు. ఒక వర్గం కోసం తెరిచిన తలుపు అందరికీ తెరుచుకున్నది. సవ్యంగా అడిగిన మాట చివరకు అడిగినవారి సొంతం కాకుండా పోతుంది. అదే దాని విజయం.

మీకు నా మనవి

యువతీయువకులారా, మీలో ఎక్కువమంది ఉద్యోగులు. ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదులు, బ్యాంకు అధికారులు. వాణిజ్య మండలితో మాకేమి పని అని మీరు అనుకోవచ్చు. మీ నాన్నల, బాబాయిల దుకాణాల లెక్కలు అంకెలలో పెట్టగలవారు మీరు. చట్టం ముసాయిదాను చదివి, అందులో చిన్నవాడికి తగిలే దెబ్బ ఎక్కడున్నదో చెప్పగలవారు మీరు. ఈ దేశపు భాషలో, ఈ దేశపు మర్యాదలో, బెరుకు లేకుండా, బడాయి లేకుండా మాట్లాడగలవారు మీరు. మా తరం కొన్నిచోట్ల చేతులు కట్టుకుని నిలబడింది, కొన్నిచోట్ల గొంతు చించుకున్నది. ఆ రెండూ విన్నపాలు కావు.

మీరు చేయవలసినవి మూడు. ఒకటి, మీ ఇంట ఎవరైనా వ్యాపారం చేస్తుంటే ఈ ఏడాది వారి చేత ఏదో ఒక సంఘంలో సభ్యత్వం తీసుకునేలా చేయండి. వచ్చిన ప్రశ్నాపత్రాన్ని దగ్గర కూర్చుని నింపండి. రెండు, బడ్జెట్‌కు ముందు ప్రభుత్వం ప్రజాభిప్రాయం కోరుతుంది. కనీసం ఒక్కసారి మీ మాట రాసి పంపండి. మూడు, ఎక్కడ ఏమి అడిగినా, కాగితం మడిచి సంచిలో పెట్టుకునే ముందు వెనక్కి తిప్పి చూడండి. దీని ఖరీదు ఎవరు చెల్లిస్తారు? ఆ మనిషిని అడిగామా? ఆ వైపు ఖాళీగా ఉంటే పంపకండి.

మన దేవస్థాన సమాజానికీ ఈ మాటే వర్తిస్తుంది. రేపు మనం స్థలం కోసమో, తెలుగు తరగతుల కోసమో, పండుగ అనుమతి కోసమో ఒక అధికారి ముందు కూర్చుంటాము. పొరుగు ఇంటివారి నిద్ర, వీధిలో వాహనాల రద్దీ, పక్క ఆలయంవారి సౌకర్యం కూడా మన విన్నపంలో ఉండాలి. అవి ఉన్న విన్నపాన్ని కాదనడం ఎవరికైనా కష్టం. ఒకవేళ కాదన్నా మన తల ఎత్తుకునే తిరిగి వస్తాము.

మోటుపల్లి స్తంభం మీద అక్షరాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రేవు పోయింది, రాజు పోయాడు, ఓడలు పోయాయి. వర్తకుడికీ రాజుకూ ఉభయులకూ మేలు చేసిన మాట కనుక అది మిగిలింది. మీరు రాయబోయే విన్నపాలు కూడా అటువంటివి కావాలని స్వామిని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.